మార్టిన్ రింకార్ట్: శ్రమకాలమున స్తుతించిన కాపరి

దావీదు రాజు జనసంఖ్య వ్రాయించిన పిమ్మట గాదు ప్రవక్త అతని యొద్దకు వచ్చి మూడు శిక్షలను ముందుంచి, వాటిలో ఒకదానిని కోరుకొమ్మని చెప్పెనని రెండవ సమూయేలు గ్రంథపు కడపటి అధ్యాయములో చదువుచున్నాము. ఒకటి కరవు, ఒకటి శత్రువుల యెదుట పారిపోవుట, ఒకటి తెగులు. దావీదు మిక్కిలి ఇరుకున పడి, మనుష్యుల చేతిలో పడుటకంటె దేవుని చేతిలో పడుటయే మేలని యెంచెను. అంతటి రాజునకే ఆ మూడింటిలో ఒక్కటి చాలా భారమాయెను. అయితే ఆ మూడును ఒకదాని వెంట ఒకటి ఒకే చిన్న పట్టణము మీదికి వచ్చిన కాలము చరిత్రలో కలదు. ఆ పట్టణపు కాపరిని కోరుకొమ్మని ఎవరును అడుగలేదు. వచ్చినదానినెల్ల ఆయన భరింపవలసి వచ్చెను.

ఆ కాపరి పేరు మార్టిన్ రింకార్ట్. ఆయన వ్రాసిన కృతజ్ఞతా కీర్తన నేడు లోకమందలి అనేక భాషలలో, కోతకాల పండుగలలోను వివాహములలోను నూతన సంవత్సర ఆరాధనలలోను పాడబడుచున్నది. మన దేశములో ఆంగ్ల ఆరాధన జరుగు సంఘములలో దానిని వినినవారు అనేకులుందురు. ఆ పాట వినువారు, దీనిని వ్రాసినవాడు కడుపునిండ భోజనము చేసి, చల్లని నీడను కూర్చుండి, సుఖముగా వ్రాసియుండునని తలంచుట సహజమే. అందుచేతనే ఆయన జీవితమును ఈ నెల మన చదువరుల యెదుట ఉంచగోరుచున్నాము.

రింకార్ట్ 1586 ఏప్రిల్ 23న జర్మనీ దేశములో సాక్సనీ ప్రాంతమందలి ఐలెన్‌బర్గ్ అను పట్టణములో జన్మించెను. అది మూల్డె నది యొడ్డున, లైప్‌జిగ్ నగరమునకు ఈశాన్య దిక్కున, ఒక దినపు కాలినడక దూరమున ఉన్నది. చుట్టును ప్రాకారము గల పట్టణము. ఈ ప్రాకారమును చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. తరువాత వచ్చిన మేలును కీడును దీనివలననే వచ్చెను. తండ్రి పీపాలు చేయు పనివాడు. ధనిక కుటుంబము కాదు. అయినను బాలునికి మంచి కంఠస్వరము ఉండెను. పదునైదేండ్ల ప్రాయమున, 1601లో, లైప్‌జిగ్‌లోని పరిశుద్ధ తోమా పాఠశాలలో ధర్మవిద్యార్థిగాను గాయక బృందములో ఒకనిగాను చేర్చుకొనబడెను. మరుసటి యేడు అక్కడి విశ్వవిద్యాలయములో వేదాంత విద్యార్థియాయెను. ఆ గాయక బృందమునకే నూరేండ్లకు పైబడిన తరువాత యోహాను సెబాస్టియన్ బాఖ్ నాయకుడాయెనని సంగీతము తెలిసిన మన సహోదరులు గుర్తింతురు.

చదువు ముగిసిన పిమ్మట 1610లో ఆయన తన సొంత ఊరిలోనే డీకను ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొనెను. పట్టణ సభవారు సరేననిరి. అయితే అక్కడి సంఘములపై అధికారియైన సూపరింటెండెంటు ఒప్పుకొనలేదు. ఈ యువకుడు వేదాంతము కంటె సంగీతమే ఎక్కువ ఎరిగినవాడని ఆయన చెప్పిన కారణము. ఊరిలోనే పుట్టి, తనకంటూ ఒక అభిప్రాయము గలవాడు తన క్రింద పనిచేయుట ఆ అధికారికి ఇష్టము లేకుండెనని తరువాత చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. ఇటువంటివి సంఘములలో ఎన్నడును లేకపోలేదు. రింకార్ట్ తగవులాడక, లూథరు పుట్టిన పట్టణమైన ఐస్లెబెన్‌కు వెళ్లి, పాఠశాలలో ఉపాధ్యాయుడుగాను దేవాలయములో గాయక నాయకుడుగాను చేరెను. మరుసటి యేడు అక్కడనే డీకనాయెను. 1613 చివర సమీపమందలి గ్రామములకు కాపరిగా వెళ్లెను. లూథరు జీవితమును, సంస్కరణోద్యమ చరిత్రను జనులకు తెలియజేయుటకై నాటకములు కూడ వ్రాసెను.

1617లో ఐలెన్‌బర్గ్ పట్టణ సభవారు తామే ఆయనను పిలిపించిరి. ఆర్చిడీకను, అనగా పట్టణపు కాపరులలో రెండవ స్థానము గల ఉద్యోగము, ఆయన కిచ్చిరి. నవంబరు మాసములో ఆయన కుటుంబముతో స్వగ్రామము చేరెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పది యొక్క సంవత్సరములు. అరు నెలలు గడిచెనో లేదో, 1618 మే మాసములో ప్రాగ్ నగరమున యుద్ధము మొదలాయెను. ఆ యుద్ధము ముప్పది యేండ్లు నడిచెను. రింకార్ట్ ఆ ఊరిలో ముప్పది రెండేండ్లు సేవచేసెను. వీటిలో మొదటి కొన్ని నెలలును చివరి యొక్క సంవత్సరమును తప్ప, ఆయన సేవాకాలమంతయు యుద్ధకాలమే.

ఆ యుద్ధ చరిత్రయంతయు ఇక్కడ వ్రాయ నవసరము లేదు. మతము పేరిట మొదలై, రాజ్యముల ఆశచేత పెరిగి, తుదకు ఎందుకు జరుగుచున్నదో సైనికులకే తెలియని స్థితికి వచ్చిన యుద్ధమది. 1631లో మాగ్డెబర్గ్ నగరము దహింపబడినప్పుడు ఇరువది వేలమంది ప్రాణములు పోయెను. అదే సంవత్సరమున బ్రైటెన్‌ఫెల్డ్‌లోను, మరుసటి యేడు లూట్జెన్‌లోను జరిగిన మహాయుద్ధములు రెండును లైప్‌జిగ్ చుట్టుపట్లనే, అనగా మన కాపరి పట్టణమునకు సమీపముననే జరిగెను. జర్మనీ జనులలో ఐదవ వంతు మొదలు మూడవ వంతు వరకు ఆ ముప్పది యేండ్లలో నశించిరని చరిత్రకారుల అంచనా. కత్తిచేత చచ్చినవారికంటె ఆకలిచేతను తెగుళ్లచేతను చచ్చినవారే ఎక్కువ. ఆ కాలపు సేనలకు వెంట వచ్చు ధాన్యపు బండ్లు చాలవు, జీతములు సరిగా రావు. వారు ఏ ఊరిలో దిగిన ఆ ఊరి ఇండ్లలోనే బస, ఆ ఊరి గాదెలలోనే తిండి. రింకార్ట్ ఇంటిలోను సైనికులను ఉంచిరి. ఆయన దాచుకొనిన కొద్ది ధాన్యమును, ఇంటి సామగ్రియు మాటిమాటికి దోచుకొనబడెను. స్నేహితుల సేనయైనను శత్రువుల సేనయైనను ధాన్యపు కుండకు భేదము తెలియలేదు.

ఇంకొక మాట చెప్పవలెను. స్వీడన్ దేశీయులు రింకార్ట్ వలెనే లూథరు మార్గస్థులు. మొదట వారు సాక్సనీకి స్నేహితులుగా వచ్చిరి. 1635లో సాక్సనీ ప్రభువు చక్రవర్తితో సంధి చేసికొనగా, అదే స్వీడన్ సేన శత్రుసేనగా మారి సాక్సనీని పాడుచేసెను. ఒకే విశ్వాస ప్రమాణమును ఒప్పుకొనువారు, ఒకే ప్రభువు బల్లయొద్దకు వచ్చువారు, ఒకరి గాదె నొకరు దోచుకొనిరి. అన్యులు చేసిన కీడు కంటె సహోదరుడు చేసిన కీడు మింగుట కష్టమని మనలో అనేకులకు తెలియును.

1637 వచ్చెను. చుట్టుపట్ల పల్లెలలో నివసించు జనులు సేనలకు భయపడి, ప్రాకారము గల పట్టణమని ఐలెన్‌బర్గ్‌కు పారివచ్చిరి. కొద్దిమందికి చాలు ఇండ్లలో అనేకులు క్రిక్కిరిసి యుండిరి. ఆహారము లేదు, శుభ్రత లేదు. అటువంటి చోట తెగులు ప్రవేశించెను. మహామారి ఎందుచేత వచ్చునో ఆ కాలమువారికి తెలియదు. దాని క్రిమిని 1894లో హాంకాంగులో అలెగ్జాండర్ యెర్సిన్ కనుగొనెను. ఎలుకల మీది గోమారీలే దానిని మనుష్యులకు అంటించునని 1898లో మన దేశములో పనిచేయుచుండిన సిమాండ్ అను ఫ్రెంచి వైద్యుడు చూపెను. కాపాడునని నమ్మిన ప్రాకారమే జనులను ఎలుకలతోను పురుగులతోను ఒక్కచోట బంధించెను.

ఆ యేడు ఆ పట్టణములో చచ్చినవారు సుమారు ఎనిమిది వేలమంది. సూపరింటెండెంటు గాలి మార్పు కొరకని ఊరు విడిచి వెళ్లి, రమ్మని పిలిచినను రాలేదు. ఆయనను మనము నిందింప బూనము, ప్రాణము తీపి. పట్టణములోని తక్కిన యిద్దరు బోధకులు తెగులుచేత చనిపోయిరి. పల్లెలనుండి పారివచ్చిన బోధకులు ఇద్దరు చనిపోయిరి. ఆ నలుగురిని పాతిపెట్టి ప్రార్థన చేసినవాడు రింకార్టే. అటుతరువాత పట్టణమంతటికిని ఆయన యొక్కడే మిగిలెను.

దినమునకు నలువది యేబదిమందికి ఆయన సమాధి ప్రార్థన చదువుచు వచ్చెను. ఒక్కొక్క గోతియొద్ద పావుగంట నిలిచినను నలువది గోతులకు పది గంటలగును. ఈ లెక్కను మన చదువరులు తొందరపడక ఒకసారి మనస్సున వేసికొందురు గాక. ఉదయమున ఇల్లు విడుచుట, ఒక గోతినుండి మరియొక గోతికి నడచుట, అదే వాక్యము, అదే మన్ను, మరల మరియొక కుటుంబపు ఏడ్పు. మన సంఘములలో ఒక వారములో రెండు సమాధి కార్యములు జరిగినయెడల కాపరి ముఖము వాడిపోవుట చూచుచున్నాము. రింకార్ట్ ఆ విధముగా పాతిపెట్టినవారి సంఖ్య 4,480 పైబడినదని లెక్క. తుదకు చనిపోయినవారు మితిమీరినందున, పారివచ్చిన పేదలను పొడవైన కందకములలో ఏ ప్రార్థనయు లేకుండ పూడ్చవలసి వచ్చెను.

మే మాసము 8వ తేదీన ఆయన భార్య చనిపోయెను.

ఇంతమంది రోగుల మధ్య తిరిగిన ఆయనకు తెగులు సోకలేదు. దీనిని చెప్పునప్పుడు మనము జాగ్రత్తగా మాటలాడవలెను. ఆయన నమ్మకము గలవాడు గనుక బ్రదికెనని చెప్పితిమా, చనిపోయిన ఆ నలుగురు బోధకులకును, ఆయన యింటి యిల్లాలికిని నమ్మకము లేకుండెనని చెప్పినట్లగును. అది దేవుని వాక్యము నేర్పు సంగతి కాదు. హేరోదు యాకోబును చంపించెను, అదే కాలమున పేతురు చెరనుండి విడిపింపబడెను. ఇద్దరును ప్రభువు ప్రేమించిన శిష్యులే. ఎందుకు ఒకరు, ఎందుకు కాదు మరియొకరు అను ప్రశ్నకు అపొస్తలుల కార్యముల గ్రంథము సమాధానము చెప్పలేదు. రింకార్ట్ బ్రదికినందున పనిచేసెను; మనము చెప్పగలిగినది అంతే.

తెగులు వెంటనే కరవు వచ్చెను. దున్నువారు చచ్చిరి, పశువులను సేనలు తోలుకొనిపోయెను, విత్తనములు తినివేయబడెను. చచ్చిన పిల్లి కొరకో కాకి కొరకో ముప్పది నలువదిమంది వీధిలో కొట్లాడుట ఆ పట్టణములో కనబడెను. షోమ్రోను ముట్టడిలో గాడిద తల ఎంత వెలకు అమ్ముడుపోయెనో రెండవ రాజుల గ్రంథము ఆరవ అధ్యాయములో చదువునప్పుడు, అది మనకు చాలా దూరపు కథవలె తోచును. ఐలెన్‌బర్గ్ జనులకు అట్లు తోచి యుండదు.

ఆ దినములలో పట్టణ పెద్దయు, మరియొక పౌరుడును, రింకార్టును కలిసి, చేతనైనంత సహాయమును ఏర్పాటు చేసిరి. తన పిల్లలు చావకుండుటకు కావలసినంత మాత్రము ఉంచుకొని, మిగిలినదంతయు ఆయన పంచిపెట్టెను. అందుచేత ఆయన వాకిలి చుట్టును ఆకలిగొన్నవారు ఎల్లప్పుడును గుంపులుగా ఉండిరి. వెళ్లుటకు వారికి మరియొక వాకిలి లేదు. సేవ చేసినవాని యొద్దకే సేవ కావలసినవారు వత్తురు, ఇచ్చినవాని యొద్దకే అడుగువారు వత్తురు. ఇచ్చుచున్నకొలది గుంపు పెరుగునే గాని తరుగదు. కొలది నూనె గల విధవరాలి బుడ్డిని ఏలీయా ఆశీర్వదించిన కథను మనము సంతోషముగా చదువుకొందుము. రింకార్ట్ బుడ్డి మాత్రము నిజముగానే ఖాళీ అగుచు వచ్చెను. ఆయన తన పిల్లలకు రొట్టెయు బట్టయు సంపాదించుటకు మిక్కిలి కష్టపడి, రానున్న అనేక సంవత్సరముల జీతమును తాకట్టుపెట్టి అప్పు తెచ్చెను. దేవుని నమ్మినవాడు అప్పు చేయవచ్చునా యని కొందరు భక్తులు అడుగవచ్చును. వాకిట ఆకలిగొన్నవారు నిలిచియున్నప్పుడు అప్పు చేసినవాని నమ్మకమును, మేమైతే, శంకింపజాలము.

1639లో స్వీడన్ సేన మరల వచ్చెను. సేనాధికారి ఆ పట్టణము ముప్పది వేల తాలర్లు చెల్లింపవలెనని ఆజ్ఞాపించెను. తాలరు ఆ దేశపు పెద్ద వెండి నాణెము. రెండేండ్ల క్రిందటనే ఎనిమిది వేలమందిని పూడ్చిన పట్టణమది. కాకి కొరకు కొట్లాడిన పట్టణమది. రింకార్ట్ అధికారి యొద్దకు వెళ్లి బ్రతిమాలెను. అతడు వినలేదు. అప్పుడు ఆయన తన వెంట వచ్చిన జనులవైపు తిరిగి, మనుష్యుల యొద్ద కనికరము దొరకలేదు గనుక దేవుని ఆశ్రయింతమని చెప్పి, మోకాళ్లూని ప్రార్థించెను. ఆ ప్రార్థనను చూచి సేనాధికారి మనస్సు మెత్తబడెననియు, అడిగిన మొత్తమును తగ్గించుచు వచ్చి, తుదకు రెండు వేల ఫ్లారిన్లతో సరిపెట్టుకొనెననియు ఆయన చరిత్రలో చెప్పబడియున్నది. ఫ్లారిను తాలరుకంటె చిన్న నాణెము. గనుక అడిగినదానిలో పదునైదవ వంతుకంటెను తక్కువే పుచ్చుకొనెనన్నమాట.

దావీదు మనుష్యుల చేతిలో పడకూడదని కోరుకొనెను. రింకార్ట్ మనుష్యుల చేతిలోనే పడి, అక్కడనుండి దేవుని చేతిని పట్టుకొనెను. అయితే ఆయన మొదట అధికారి యొద్దకు వెళ్లెను, పిమ్మట మోకాళ్లూనెను అను క్రమమును గమనింపవలెను. చేయవలసిన పని చేయక ప్రార్థనకు కూర్చుండలేదు. పని నిష్ఫలమైనదని ప్రార్థన మానలేదు. రెండు వేల ఫ్లారిన్లు కూడ ఆ బీద పట్టణము చెల్లింపవలసే వచ్చెను. ప్రార్థనకు దొరికిన జవాబు అది.

ఇక ఆయన పాటను గూర్చి.

ఈ కీర్తన 1648లో సమాధానపు ఒడంబడిక జరిగినప్పుడు, ఆ సంతోషములో రింకార్ట్ వ్రాసెనని చాలకాలము చెప్పుకొనుచు వచ్చిరి. నేటికిని కొన్ని ప్రసంగములలో అట్లే వినుచున్నాము. వినుటకు ఇంపుగానే యున్నది. శ్రమ తీరెను, స్తోత్రము చెల్లించెను. అయితే కీర్తనల చరిత్రను పరిశోధించినవారిలో పెక్కుమంది, ఇది 1636లో వెలువడిన ఆయన చిన్న ప్రార్థనల పుస్తకములోనిదని తేల్చిరి. అనగా సమాధానమునకు పండ్రెండు సంవత్సరములు ముందు. మహామారికి ఒక్క సంవత్సరము ముందు. యుద్ధము అప్పటికి పదునెనిమిదేండ్లనుండి నడుచుచున్నది.

అంతేగాక, అది మహోత్సవమునకు వ్రాసిన పాట కాదు. భోజనమైన తరువాత బల్లయొద్ద చెప్పుకొను చిన్న ప్రార్థనగా దానిని పుస్తకములో ఉంచెను. తండ్రియు తల్లియు పిల్లలును, గిన్నెలు తీయకమునుపు కలిసి పాడుకొనదగినది. మూడే చరణములు. మొదటి రెండును సీరాకు కుమారుని గ్రంథము ఏబదియవ అధ్యాయములోని కొన్ని వచనములను ఆధారము చేసికొని వ్రాయబడెను. ఆ గ్రంథము మన తెలుగు బైబిలులో లేదు. అది అపోక్రిఫా అనబడు గ్రంథములలోనిది. లూథరు వాటిని ప్రమాణ వాక్యముగా నెంచకపోయినను, చదువుటకు మేలైనవని తన జర్మన్ బైబిలులో చేర్చెను. యెరూషలేము దేవాలయములో ప్రధాన యాజకుడు బలి అర్పించి జనులను దీవించిన వర్ణనకు తరువాత ఆ వచనములు వచ్చును. తల్లి గర్భము మొదలుకొని మనలను కాచుచు వచ్చిన దేవునికి వందనములు చెల్లించి, ఆనందముగల హృదయమును మన దినములలో సమాధానమును దయచేయుమని వేడుకొనుట అందలి భావము. మూడవ చరణము తండ్రి కుమార పరిశుద్ధాత్మలకు చెల్లించు మహిమస్తుతి.

చూడుడి, ఆ పాటలో కృతజ్ఞత యున్నది, సమాధానము కొరకైన మనవియు నున్నది. దొరికినదాని కొరకు వందనము. దొరకనిదాని కొరకు ప్రార్థన. రెండును ఒకే నోట. సమాధానము వచ్చిన తరువాతనే వందనము చెప్పుదునని రింకార్ట్ కూర్చుండినయెడల, ఆయన పెద్ద పిల్లలు ఒక్కసారియైనను తండ్రి నోట కృతజ్ఞత వినకుండ పెరిగి పెద్దవారై యుందురు. యుద్ధములోనే పుట్టి, యుద్ధములోనే పెండ్లియాడిన తరమది. వారికి సమాధానమనగా పెద్దలు చెప్పు కథ. అట్టి పిల్లలను బల్లయొద్ద కూర్చుండబెట్టి, ఈ పూట రొట్టె దేవుని యొద్దనుండి వచ్చెనని నేర్పుటకే ఆయన ఆ పాట వ్రాసెను.

మరుసటి యేడు ఆ బల్లయొద్ద తల్లి లేదు. ఆ మరుసటి కాలమున బల్లమీద రొట్టెయు చాలలేదు.

అన్ని విషయములలోను కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడని పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన మాట మన యిండ్లలో గోడలమీద వ్రేలాడుచున్నది. ఆ మాటను కొందరు విపరీతముగా గ్రహించి, తెగులునకు వందనము, కరవునకు వందనము చెప్పవలెనందురు. పుత్రశోకముతో ఉన్న తల్లికి ఆ మాట చెప్పి ఆమె గాయమును రేపుదురు. పౌలు చెప్పినది విషయములలో కృతజ్ఞత కలిగియుండుమని. హబక్కూకు ప్రవక్త అంజూరపు చెట్టు పూయకపోవుట మంచిదని చెప్పలేదు. శాలలో పశువులు లేకపోవుట మేలనలేదు. లేదను మాటను ఒకటొకటిగా లెక్కపెట్టి చెప్పిన తరువాతనే తాను యెహోవాయందు ఆనందింతునని చెప్పెను. రింకార్ట్ సైతము తెగులును ఆశీర్వాదమనలేదు. ఆకలిని భక్తికి మెట్టు అనలేదు. ఆకలికి రొట్టె వెదకెను, అప్పు తెచ్చెను, సేనాధికారిని బ్రతిమాలెను; ఇవన్నియు కీడును కీడని ఎరిగినవాడు చేయు పనులు.

ఇన్ని చేసినవానిని పట్టణమువారు ఎట్లు చూచిరని చదువరులు అడుగవచ్చును. చెప్పుట కష్టముగా నున్నది. పట్టణాధికారులు ఆయనకు కృతజ్ఞత చూపకపోగా, ఆయన వృద్ధాప్యములో అనేక విధముల తొందరపెట్టిరి. ప్రభువు పదిమంది కుష్ఠరోగులను బాగుచేసినప్పుడు తిరిగి వచ్చినవాడు ఒక్కడే గదా. లోకమునకంతటికి కృతజ్ఞత నేర్పు పాటను వ్రాసినవానికి తన యూరిలోనే కృతజ్ఞత దొరకలేదు. ఈ సందర్భమున మన సంఘపు పెద్దలు ఒక్క క్షణము ఆగి, ముసలివారైన మన కాపరుల జీతము బాకీలను గూర్చియు, ఇంటి కప్పులను గూర్చియు తలంచుకొనినయెడల మేము సంతోషింతుము.

1648 అక్టోబరు 24న వెస్ట్‌ఫేలియా ఒడంబడికపై సంతకములు జరిగెను. ముప్పది యేండ్ల యుద్ధము ముగిసెను. రింకార్ట్‌కు అప్పుడు అరువది రెండేండ్లు. గాని శరీరము అలసి, వయస్సునకు మించిన ముసలితనము వచ్చియుండెను. తన బల్లయొద్ద పిల్లలకు నేర్పిన ప్రార్థన నెరవేరుట కన్నులార చూచెను. ఒక్క సంవత్సరము పైన కొలది దినములు సమాధానములో బ్రదికి, 1649 డిశంబరు 8న ఐలెన్‌బర్గ్‌లోనే ప్రభువునందు నిద్రించెను.

ఆయన బ్రదికియుండగనే ఆ పాట ఇల్లు విడిచి బయలుదేరెను. బెర్లినులో సంగీత నాయకుడైన యోహాను క్రూగర్ 1647లో తన కీర్తనల సంపుటములో దానిని రాగముతో అచ్చువేసెను. ఆ రాగమే నేటి రాగము. బాఖ్ దానిని తీసికొని సంగీత ప్రబంధము కూర్చెను. 1840లో మెండెల్సన్ తన స్తుతిగానములో దానిని చేర్చి, లైప్‌జిగ్ పరిశుద్ధ తోమా దేవాలయములో వినిపించెను. రెండు వందల నలువది యేండ్ల క్రిందట పీపాల పనివాని కుమారుడు బాలుడుగా పాడిన చోటది. 1858లో కాథరిన్ వింక్‌వర్త్ అను ఆంగ్ల స్త్రీ దానిని తన భాషలోనికి మార్చెను. ఐలెన్‌బర్గ్‌కు కొన్ని దినముల ప్రయాణ దూరములోనే హాలె నగరమున్నది. రింకార్ట్ చనిపోయి నూరేండ్లు కాకమునుపే, 1740లలో, మద్రాసులో సేవచేసి తిరిగి వెళ్లిన బెంజమిన్ షుల్ట్జ్ అక్కడ తెలుగు అక్షరములలో లూథరు ప్రశ్నోత్తరములు మొదలైన పుస్తకములను అచ్చువేయించెను. తెలుగు లిపి అచ్చు కెక్కుట అదియే మొదలు. యుద్ధముచేత పాడైన ఆ సాక్సనీ నేలనుండి మన భాషకు ఆ మేలు వచ్చెనని తలంచునప్పుడు మాకు ఆశ్చర్యము కలుగుచున్నది.

1757లో లాయ్‌థెన్ యుద్ధము గెలిచిన ప్రష్యా సైనికులు రాత్రివేళ మైదానములో ఆ పాట నెత్తిరని ప్రసిద్ధి. అప్పటినుండి రాజులును సేనలును విజయములకు దానిని పాడించుచు వచ్చిరి. సైనికులచేత దోచుకొనబడిన కాపరి పాటను సైనికులు తమ విజయగీతముగా చేసికొనుట మాకు అంత ఇంపుగా లేదు. పాటకు తన్ను పాడువారిని ఎంచుకొను అధికారము లేదు గదా.

1886లో ఈస్టరు మరుసటి సోమవారమున ఐలెన్‌బర్గ్ పౌరులు రింకార్ట్ నివసించిన యింటికి జ్ఞాపక ఫలకము పెట్టిరి. 1945 ఏప్రిల్‌లో, రెండవ ప్రపంచ యుద్ధపు కడపటి దినములలో, ఆ పట్టణములో హెచ్చు భాగము ఫిరంగి గుండ్లచేత నేలమట్టమాయెను.

ఆ యుద్ధము ముగిసి పదేండ్లైన తరువాత, 1955 అక్టోబరులో, రష్యా దేశపు చెరలో మిగిలిన జర్మన్ ఖైదీలు కడపటి గుంపులుగా విడుదలై, ఫ్రీడ్‌లాండ్ అను చోటనున్న శిబిరమునకు వచ్చిరి. దేవాలయపు గంట మ్రోగెను. బస్సులనుండి దిగినవారు తలపాగలు తీసి, మూడు వందల యేండ్లు దాటిన ఆ బల్లప్రార్థనను పాడిరి. వారి చుట్టును స్త్రీలు నిలిచి యుండిరి. తమ కుమారుల యొక్కయు భర్తల యొక్కయు ఫోటోలను చేతులతో పైకెత్తి పట్టుకొని, వీరిని ఎవరైన ఎరుగుదురా యని వారు ఒక్కొక్కరిని అడుగుచుండిరి.